కోలియస్ నెత్తిన చిల్లుకుండ

మా ఆవిడ తన చెల్లెలి పురిటికని రంభ అనే ఊరు వెళుతూ ఒక కుండీని నాకు అప్పగించింది. అందులో ఉన్నది కోలియస్. ఎరుపు, పసుపు, ఊదా అన్నీ ఒకే ఆకు మీద ఒలకబోసుకున్న మొక్క. పోయిన మా అత్తగారి పెరట్లోంచి తెచ్చిన కొమ్మ. ఆ పెరడు ఇప్పుడు లేదు. ఆవిడ గుర్తుగా మిగిలింది ఇదొక్కటే.

“ఏటండీ, ఇంటన్నారా? రోజూ నీళ్ళు పొయ్యండి. కంకి లేస్తే గిల్లెయ్యండి, పూతకొస్తే మొక్క సచ్చిపోద్ది. ఇది పోతే మాయమ్మ మళ్ళీ పోయినట్టే.”

బరంపురం ఎండలో పడగ్గదిలోంచి వరండాకి నడవడమంటే నాకు ఎడారి యాత్ర. అందుకని ఉపాయం ఆలోచించాను. వైశాఖంలో ఈ ఊరి తులసికోటల మీద అడుగున చిల్లున్న చిన్న కుండ కడతారు. నీళ్ళు చుక్కచుక్కగా తులసి మీద పడతాయి. అలాంటిదొకటి తెచ్చి కోలియస్ నెత్తిన వేలాడదీశాను. భగీరథుడు కూడా గంగని ఇంత సుళువుగా దించి ఉండడని నన్ను నేనే మెచ్చుకుని పడక్కుర్చీలో వాలాను.

కొద్దిరోజుల్లో కంకులు లేచాయి, అచ్చం తులసి కంకుల్లా. గిల్లుదామని చెయ్యి చాపానో లేదో, పక్కింటి మామ్మ గోడమీంచి ఒరియా కలిపి కేకేసింది.

“ఆలో మా! తులసమ్మ కంకి తుంపుతావేటి బావూ?”

“తులసి కాదు మామ్మా.”

“కాకపోతే కుండెందుకు కట్టినావు? నాకు సెప్పొచ్చినాడు!”

దానికి జవాబు బద్ధకం. అది బయటపెట్టకుండా పడక్కుర్చీలోకి జారుకున్నాను. సాయంత్రం మామ్మ వచ్చి కుండీలో దీపం పెట్టి, “ఈ రోజుల్లో ఇంత బగితి గల మగోడేడీ!” అని వీధి మొత్తానికి వినిపించింది. అంతే, మర్నాటి నుంచి నా నుదుట గంధం బొట్టు. పాలవాడు దణ్ణం పెడితే పీఠాధిపతిలా చెయ్యెత్తి దీవించాను.

కంకులు తాడిచెట్లయ్యాయి. ఆకులు ముడుచుకుపోయాయి. దీపం సెగకి కిందివి మాడి రాలాయి. గిల్లుదామంటే మామ్మ కాపలా, నిజం చెబుదామంటే నా పీఠం పోతుంది.

మా ఆవిడ వచ్చింది. చీపురుపుల్లలాంటి మొక్కనీ, కుండనీ, నా బొట్టునీ చూసింది. తిట్టలేదు. కుండీ పక్కన కూలబడి మిగిలిన ఒక్క ఆకునీ నిమిరింది. అప్పుడు నిజంగా భయమేసింది. తర్వాత కంకులన్నీ టకటకా గిల్లేసింది.

“అమ్మీ, పాపం!” అంది మామ్మ.

“ఇది తులసి కాదు మామ్మా, మాయమ్మ మొక్క. ఈయనది బగితీ కాదు, ఒట్టి బద్దకం!”

మామ్మ నావైపు చూసింది. “నా నూని తగలెట్టించినావు గదరా, దొంగ సచ్చినోడా!” దీపం తీసుకుని వెళ్ళిపోయింది.

మా ఆవిడ కాడని పొట్టిగా కత్తిరించి నీడకి మార్చింది. కణుపు కణుపునా ఎర్రటి చిగుళ్ళు తొంగిచూసేదాకా నాతో మాట్లాడలేదు. చిగుళ్ళొచ్చిన రోజు చిల్లుకుండ నింపి, నా పడక్కుర్చీకి సరిగ్గా పైన కట్టింది.

“లేచెల్లి మొక్కకి నీళ్ళు పొయ్యండి. అప్పుడు దింపుతాను.”

గోడమీంచి మామ్మ తల లేచింది. “సుక్క సరిగ్గా పడతందా బావూ?”