హొన్నూరమ్మ మెత్తిన గోడ

తారానగర్‌లో హొన్నూరమ్మ చేతులకు మట్టి అంటని రోజును ఎవరూ చూడలేదు. సండూరు కొండల్లో గనులవాళ్లు మందు పేల్చినప్పుడల్లా ఆమె ఇంటి గోడ ఎక్కడో ఒకచోట బీటలిస్తుంది. ఆ చప్పుడు చెవిన పడితే చాలు, పొయ్యి మీద ఎసరు ఏమైనా కానీ, లేచి గోడల చుట్టూ ఓ చుట్టు తిరిగేస్తుంది. కూలికి పోయి వచ్చిన మనిషి కాసేపు కూలబడుతుందా అంటే అదీ లేదు. ఎర్రమట్టీ పేడా కలిపిన ముద్ద గడప పక్కన ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. "ఆయమ్మ ముందర ఆవలించొద్దప్పా, నోరు మెత్తేస్తుంది" అని వీధంతా నవ్వుకుంటారు.

పాతవాళ్లు మాత్రం నవ్వరు. ఆమె తొలిచూలు కొడుకుకు నాలుగేళ్లప్పుడు గోడ సందులోంచి పాము వచ్చింది. పిల్లాడు దక్కలేదు. అప్పటినుంచి ఆ ఇంట్లో సందన్నది ఉండకూడదు, అంతే.

తర్వాత పుట్టిన కూతురు ఆశ ఈ ఏడు పురిటికి వచ్చి ఆడపిల్లను కన్నది. గాలి సోకకూడదని తల్లినీ బిడ్డనూ కిటికీ లేని లోపలిగదిలో ఉంచారు. మిద్దె పైకప్పులో వెలుతురు కోసం విడిచిన గవాక్షి ఒకటుంది, దానికీ అద్దం బిగించారు. ఆ వెలుతురు కిందే తొట్టెల కట్టారు.

సరిగ్గా ఆ గది వెనకగోడలోనే తేనెటీగలు గూడు పెట్టాయి. బయటి బీటలోంచి దూరుతూ, వస్తూ, పోతూ ఒకటే రొద. ఆ రొద వినబడిన దగ్గర్నుంచి హొన్నూరమ్మకు ముద్ద దిగలేదు. పక్కింటి శివన్నను పిలుచుకొచ్చింది. అతను ఖనిజం లారీ తోలుతాడు, వాళ్ల నాయన తేనె తీసేవాడు.

"జేనుగూడు అక్కా. వాటి జోలికి పోకుంటే అవీ మన జోలికి రావు. ఆదివారం నాకు డ్యూటీకి రజా ఉండాది, పొగబెట్టి తీసేస్తా. అంతవరకూ ఏం చేయకుండా సుమ్నే ఉండు. సందు మాత్రం మూయొద్దు."

"ఆదివారం దాకా యాడ ఆగేదప్పా? ఇంట్లో పసిబిడ్డ ఉండాది!"

"ఉండాదనే చెప్తాండా."

చెప్పి అతను డ్యూటీకి పోయాడు. హొన్నూరమ్మ కూర్చుంటే లేస్తుంది, లేస్తే గోడ దగ్గరికి పోతుంది, బిడ్డను చూస్తుంది, మళ్లీ గోడ దగ్గరికి పోతుంది. పొద్దు వాలేసరికి ఇక ఆమె వల్ల కాలేదు. ఈగలన్నీ గూటికి చేరేదాకా ఆగి, బీటంతా మట్టితో మెత్తేసింది. ఒక పూత చాలదన్నట్టు మీద ఇంకో పూత వేసింది. చేతులు కడుక్కుని ఆ పూట తృప్తిగా అన్నం తిన్నది.

మర్నాడు పొద్దున బిడ్డకు నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ పట్టి తొట్టెల్లో పడుకోబెట్టారు. అంతలోనే ఆశ కేక పెట్టింది.

"అమ్మా! ఏందమ్మా ఇవి?"

ఆ వెనకగోడకే ఉన్న దీపంగూటిలో రాయి పక్కనుంచి ఈగలు ఒకదాని వెనక ఒకటి గదిలోకి వస్తున్నాయి. మసి పేరుకుపోయి ఆ సందు ఇన్నేళ్లూ హొన్నూరమ్మ కంట పడనేలేదు. బయటి దోవ మూసుకుపోయిన ఈగలు వెలుతురు వైపే ఎగురుతున్నాయి. గవాక్షి అద్దానికి కొట్టుకుని కింద తొట్టెల్లోకి రాలుతున్నాయి.

హొన్నూరమ్మ బిడ్డను కంబళిలో చుట్టి, ఆశ చేతుల్లో పెట్టి, ఇద్దరినీ వీధిలోకి తోసింది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ఒంటిమీద ఎక్కడా వాపు లేదు. అయినా హొన్నూరమ్మ కంబళి విప్పి మళ్లీ ఒకసారి చూసుకుంది. ఏ చేత్తో ఇన్నేళ్లూ బిడ్డల కోసం సందులు మూసిందో, ఆ చేత్తోనే ముప్పును తొట్టెల మీదికి తోలింది. ఆ మాట తోచగానే గుండె చెరువైంది.

ఇంటి వెనక్కి పరుగెత్తింది. గడ్డపార కోసం వెతికే ఓపిక లేదు. ఆరి గట్టిపడిన పూతను గోళ్లతోనే పెకలించింది. చిన్న కంత పడగానే ఈగలు బయటికి దూకి చేతుల మీదా మొహం మీదా కుట్టాయి. ఆమె చెయ్యి వెనక్కి తీయలేదు.

"పోండమ్మా, పోండి. ఇదో దోవ. నాదే తప్పు, పోండి తల్లీ" అంటూ బీటంతా తెరిచేదాకా గీకుతూనే ఉంది.

ఆదివారం శివన్న వచ్చి, పొగబెట్టి తెట్టెలు కోసి, ఈగలను కుండలోకి మళ్లించాడు. ఊరవతల వదిలిపెట్టడానికి బయల్దేరుతూ, వాపు దిగని ఆమె చేతుల్ని చూసి తిట్టబోయి మానుకున్నాడు.

"అంతా ఖాళీ అక్కా. ఇంక నీ ఇష్టం, మెత్తుకో."

హొన్నూరమ్మ ముద్ద తీసుకుని గోడ దగ్గరికి పోయింది. పోయి, ఆగింది. ముద్ద కింద పెట్టి గోడకు చెవి ఆనించింది. లోపలికి పోయి దీపంగూటి దగ్గర విన్నది. మళ్లీ బయటికొచ్చి విన్నది. మట్టి ఎండిపోతున్నా ఆమె చెయ్యి ఆడలేదు.

బిడ్డను ఎత్తుకుని ఆశ ఇంటి వెనక్కి వచ్చింది. "ఏం చేస్తాండావమ్మా? మూసేయరాదా?"

"ఉండు పాపా" అంది హొన్నూరమ్మ, చెవి గోడకే ఆనించి. "ఇంకా ఎవురన్నా లోపల ఉండారేమో చూస్తాండా."