మూరన్నర బల్ల

మా వరండాలో నిన్నటి నుంచి కొత్త బల్ల వాసన. జిగురూ, వార్నిషూ, కాళ్ళకు ఇంకా అంటుకొని ఉన్న ప్లాస్టిక్ కవరూ కలిసిన ఆ వాసనలో చెక్క వాసన ఎక్కడుందా అని ముక్కు దగ్గరగా పెట్టి వెతుకుతున్నాను. మా మనవరాలు సహజ తడ దగ్గర ఒక ఫర్నిచర్ ఫ్యాక్టరీలో బల్లలు డిజైన్ చేస్తుంది. మీట నొక్కితే లేచే బల్లలు, ఇంకో మీట నొక్కితే దిగే బల్లలు. నాకు వెన్ను ఆపరేషన్ అయ్యాక, ఎక్కువసేపు ఒక్క తీరున కూర్చోవద్దని డాక్టరు చెప్పిన రోజు, కాలేజీ లైబ్రరీలో ఉద్యోగ విరమణ చేసిన రోజుకన్నా ఎక్కువ దిగులు పడ్డాను. పడుకొని రాస్తే అక్షరం నాదిలా ఉండదు. నిలబడి రాద్దామంటే కిటికీ గట్టు తప్ప ఆసరా లేదు. చిన్నప్పటి నుంచి రాస్తూ వస్తున్న డైరీ, "వాన. ఇడ్లీ. నొప్పి." అన్నంత పొడి మాటల్లోకి వచ్చేసింది. ఇక ఇది కూడా మానుకోవాలేమో అని లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాను. ఆ సంగతి సహజ ఎట్లా కనిపెట్టిందో తెలియదు, బల్ల తీసుకొని వచ్చింది.

"అవ్వా, చెయ్యి దించు. ఇప్పుడు మోచెయ్యి మడువు. ఆఁ, అట్లే ఉండు," అని టేపు పట్టుకొని నేల నుంచి నా మోచేతి దాకా కొలిచింది. ఆ టేపు అంచు మోచేతికి చల్లగా తగలగానే, నాకు మా అవ్వ మోచెయ్యి కళ్ళ ముందుకొచ్చింది. మా నాయనకు అమ్మ ఆమె. దాంతోపాటు, ఎప్పుడో పోయిన మామిడి చెక్క వాసన కూడా వచ్చింది.

అప్పుడు మేము తిరుచానూరులో ఉండేవాళ్ళం. మా ఇల్లంతా నేల మీదే బతికేది. విస్తళ్ళు నేల మీద, కత్తిపీట నేల మీద, బడిపంతులైన మా నాయన పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుకునే వాలు పెట్టె నేల మీద, ఎండాకాలంలో గచ్చు కడిగి తడి ఆరకముందే మేము పొట్ట ఆనించి పడుకొనేదీ నేల మీదే. ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క కుర్చీ. అది కూడా వచ్చినవాళ్ళ కోసమే గానీ మా కోసం కాదు. ఆ నేల మీద ఈశాన్యం మూలన, స్తంభానికి వీపు ఆనించి, ముందు ఒక పీట, పీట మీద పూలబుట్ట, పక్కన చెంబులో నానేసిన అరటినార పెట్టుకొని మా అవ్వ కూర్చొనేది. మా వీధి చివర ఉన్న చిన్న పెరుమాళ్ళ గుడికి మాల కట్టడం ఆమె పని. చైత్రంలో దవనం, వేసవిలో మల్లె, వానలు మొదలయ్యాక కనకాంబరం, చలికి చామంతి. అన్ని కాలాల్లోనూ తులసి. కాలం ఏదన్నది మాకు క్యాలెండరు చూస్తే కాదు, అవ్వ వేళ్ళ వాసన చూస్తే తెలిసేది. ఆమె పాటించే నియమం ఒకటుండేది: స్వామి పూలు తాను కూర్చున్న చోటుకన్నా కిందికి పోకూడదు. అందుకే తాను నేల మీద, పూలు పీట మీద.

పూలు చాలకపోతే అంగడి వీధిలో కొనేది. అక్కడ పూలు మూరల లెక్కన అమ్ముతారు, మోచేతి నుంచి వేలి కొస దాకా అమ్మేవాళ్ళ చెయ్యే కొలబద్ద. ఎవరి చెయ్యి ఎంత పొడుగో అవ్వకు కంఠోపాఠం. పొట్టి చేతుల వాళ్ళు ఎంత తియ్యగా పిలిచినా తల తిప్పకుండా నడిచి, వీధి చివర తాటిచెట్టులాంటి మనిషి దగ్గర ఆగేది. "నేనూ ఇస్తా గదమ్మా మూర," అని ఒకామె వెనకనుంచి అంటే, "నీది మూర గాదే తల్లీ, జానకు పెద్దక్క," అనేది అవ్వ. ఆ మాటకు వీధి వీధంతా నవ్వేది, ఆ పూలామెతో సహా.

ఒక ఏడాది వానలు తగ్గుముఖం పడుతూ ఉండగా అవ్వ కుడి మోకాలు బిగుసుకొని పోయింది. నూనెలు రాసినాం, ఆముదపాకు వేడి చేసి కట్టినాం, అయినా మడత పడలేదు. నేల మీద కూర్చోబెడితే లేపడానికి ఇద్దరం కావాలి, లేపేటప్పుడు ఆమె పళ్ళు కరుచుకొనే చప్పుడు మాకు వినిపించేది. ధనుర్మాసం దగ్గర పడింది. ఆ నెలంతా తెల్లవారకముందే మాల గుడికి చేరాలి. గుడి వ్యవహారం చూసే పెద్దాయన మా ఇంటికొచ్చి, ఆ ఒక్క కుర్చీలో కూర్చొని, చాలా మర్యాదగానే చెప్పాడు.

"అమ్మా, ఈ ఏడాదికి పూలంగట్లో చెప్పేస్తాం. మీరు ఇంత కాలం చేసినారు, చాలదా? విశ్రాంతిగా ఉండండి."

అవ్వ తల ఊపింది. ఆయన వెళ్ళాక పూలబుట్టను పనేమీ లేకపోయినా కడిగి బోర్లించింది. ఆ పూట అన్నం ముందు కూర్చొని, పక్కన ఎవరూ లేనట్టు అన్నది: "చెయ్యి బాగానే ఉండాది. చెడింది మోకాలు. మోకాలితో ఎవురన్నా పూలు కడతారా?"

"కుర్చీలో కూసోమ్మా," అన్నాడు నాయన.

"నేను కుర్చీలో కూసుంటే పూలు యాడ పెట్టల్ల? నా కాళ్ళ కాడనా?"

ఆ ప్రశ్నకు జవాబు ఆమే రెండు రోజులు ఆలోచించి కనిపెట్టింది. తాను పైకి లేస్తే పూలూ పైకి లేవాలి, అంతే. కుర్చీలో కూర్చొని, గోడ మీద వేలితో గీత గీసి, తన చేత్తో కొలుచుకొని, "మూరన్నర ఎత్తు బల్ల చేసియ్యమని చెప్పు మస్తానుకు," అని నాయనను తిరుపతికి పంపింది. నేనూ వెంట పోయినాను.

మస్తాను మామ వడ్రంగం కొట్టు రైలుగేటు అవతల ఉండేది. తల వంచకుండా ఏ గుమ్మంలోకీ రాలేని మనిషి ఆయన. ఇంట్లో ఉర్దూ, కొట్లో తెలుగు, చెక్కతో మాట్లాడేటప్పుడు రెండూ కలిపి. అప్పుడే బంగారుపాళ్యం తోటల నుంచి కాపు ఉడిగిన మామిడి చెట్ల పలకలు వచ్చి ఉన్నాయి. కొట్లో రంపపు పొట్టులో కాలు పెడితే చీలమండ దాకా దిగేది. పచ్చి మామిడికాయ పులుపూ, పాత బెల్లం తీపీ కలిసినట్టుండే ఆ వాసన నా గౌనుకు అంటుకొని ఇంటిదాకా వచ్చింది. "మూరన్నర," అని నాయన చెప్పాడు. "మూరన్నర," అని మస్తాను మామ తల ఊపాడు. ఇంతకన్నా స్పష్టమైన మాట లోకంలో ఉండదని ఇద్దరూ అనుకున్నారు.

బల్ల టౌన్ బస్సు టాపు మీద వచ్చింది, దాని వెనకే మస్తాను మామ. అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి, బల్ల ముందుకు జరిపితే, పలక ఆమె గుండెలకు తగిలింది. నార అందుకొని ముడి వేద్దామని చేతులు పైకెత్తితే, రెండు మోచేతులూ ఎగరబోయే కొంగ రెక్కల్లా లేచాయి. నాలుగు ముళ్ళు పడేసరికి భుజాలు వణికాయి. పక్కింటి రంగమ్మత్త గడపలో నిలబడి సూటిగా అడిగింది:

"ఏం పెద్దమ్మా, ఇది పూలు కట్టే దానికా, గడ్డం ఆనిచ్చి నిద్దరపోయే దానికా?"

ఎవరూ నవ్వలేదు. అవ్వ నార చెంబులో వేసేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆ చేతులు ఊరికే ఉండగా చూడటం నాకు అదే మొదటిసారి. ధనుర్మాసానికి ఇంక వారం కూడా లేదు.

"మూరన్నర అంటిరి, మూరన్నరే పెడితిని పెద్దమ్మా," అని మస్తాను మామ కింద కూర్చొని, బల్లకాలు పక్కన తన మోచెయ్యి ఆనించి చూపించాడు. నిజమే, సరిగ్గా మూరన్నర. అవ్వ వంగి, అదే కాలికి అటు పక్కన తన చెయ్యి ఆనించింది. ఆమె వేళ్ళ కొసలు ఆయన వేళ్ళ మొదలుకు కూడా అందలేదు. ఆ రెండు చేతులనూ అటూ ఇటూ చూసి, అవ్వ ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. మోకాలు పట్టేసినప్పటి నుంచి మేము వినని నవ్వు.

"ఒరే మస్తానూ, పూలు కొనేదానికి ఇంత పొడుగు చెయ్యి కోసం ఊరంతా తిరిగినాను గదరా! బల్ల కాడికొచ్చేసరికి ఆ బుద్ధి యాడికి పాయె నాకు?"

"పూలకైతే నా చెయ్యి లాబం పెద్దమ్మా, బల్లకైతే నస్టం," అని ఆయన సంచిలోంచి రంపం తీశాడు. "రోంత సేపు. నాలుగు కాళ్ళూ కోసేస్తా."

"ఆగు నాయనా." అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "కోస్తే మళ్ళా అతుకుతావా? ఈ మోకాలు ఈ పొద్దున్నట్టు రేపుండదు. చలి ముదిరితే కుర్చీలో దిండేసుకొని కూసోవల్ల, ఎండ కాస్తే తీసేయల్ల. దిండేస్తే నేను పైకి పోతా, బల్ల కిందనే ఉంటాది." దూలానికి వేలాడుతున్న పాల ఉట్టి వైపు చూసింది. "ఉట్లపండగకు ఉట్టిని లాగినట్టు, పైకెత్తితే లేచి కిందికి దించితే దిగే బల్ల చెయ్యలేవా?"

మస్తాను మామ ఆ ఉట్టి వైపు చూసి రంపం సంచిలో పెట్టేశాడు. "సూస్తాం పెద్దమ్మా. అల్లా దయ. మీ పెరుమాళ్ళు గూడా రోంత సాయం పట్టల్ల," అని బల్లను మళ్ళీ బస్సెక్కించాడు.

మూడో రోజు తెచ్చాడు. ప్రతి కాలూ ఇప్పుడు రెండు ముక్కలు: బయట డొల్లగా ఒక గూడు, అందులో జారే లోపలి కాలు. రెండింటికీ ఒకదాని కింద ఒకటి కన్నాలు. కావలసిన కన్నంలోకి కొయ్య చీల దూర్చితే బల్ల అక్కడ నిలుస్తుంది. ఇనుప చీల అయితే తుప్పు పూలకంటుతుందని అవ్వ వద్దన్నది. మొదటిసారి నాయనే పండితుడిలా చీలలు పెట్టాడు. ఒక కాలికి ఒక కన్నం తప్పింది. నీళ్ళచెంబు వాలు వెంట నిదానంగా జారి, ఆయన పంచె మీద పడింది. "పంతులుగారికి లెక్క తప్పె," అని మస్తాను మామ అంటే, అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయి, సున్నమూ కుంకుమా తెచ్చి, ఒక్కో వరస కన్నాలకు ఒక్కో రంగు బొట్టు పెట్టింది. ఆ తరువాత ఎవరికీ లెక్క తప్పలేదు.

అవ్వ కూర్చుంది. బల్ల కుంకుమ బొట్టు దగ్గర నిలిచింది. మోచేతులు పక్కలకు ఆని, ముంజేతులు పలక మీద పరుచుకున్నాయి. పూలు ఆమె కూర్చున్న చోటుకన్నా పైన, ఆమె చూపుకన్నా కింద. అవ్వ ఊపిరి ఒకటి బయటికి వదిలింది. ఆ ఊపిరితో ఇల్లంతా ఒక్క అంగుళం కిందికి దిగి కుదురుకున్నట్టు నాకు అనిపించింది.

ధనుర్మాసం మొదటి రోజు తెల్లవారుజామున, మంచులో, గుడి పెద్దాయన ఎందుకైనా మంచిదని అంగడి మాల ఒకటి ఆకులో చుట్టుకొని మా గడపలోకి వచ్చాడు. లోపల దీపం వెలుగులో అవ్వ ఆఖరి ముడి వేసి, నార కొస తుంచుతోంది. చామంతీ తులసీ కలిసిన మాల బల్ల మీద చుట్టలు చుట్టుకొని ఉంది. ఆయన అది చూసి, చేతిలో పొట్లం ఎక్కడ దాచుకోవాలో తెలియక నిలబడిపోయాడు. అవ్వ పిలిచి ఆ పొట్లం విప్పించి, మాలను వేళ్ళతో పరీక్షించి, "ముడి వదులు," అన్నది. "తెచ్చినారు గదా, మా గడపకు కట్టి పోండి." ఆయన నవ్వుతూ కట్టాడు. ఆ నెల పొడుగునా, పొంగలి ప్రసాదం నెయ్యి కారే దొన్నెల్లో మా ఇంటికి వస్తూనే ఉంది, రంగమ్మత్త కూడా "మీ లేచే బల్ల" చూడటానికి చుట్టాలను వెంటబెట్టుకొని వస్తూనే ఉంది. అవ్వ ఆ తరువాత చాలా ఏళ్ళు, వేళ్ళు సాగినన్నాళ్ళూ ఆ బల్ల మీదే పూలు కట్టింది.

మధ్యాహ్నాలు ఆ బల్ల నాది. పూర్తిగా పైకెత్తితే కింద అచ్చనగాయలు ఆడుకునే ఇల్లు. పూర్తిగా దించితే నా చదువు బల్ల. పిల్లల ఎత్తు గోడ మీద గీసుకునే ఇళ్ళుంటాయి, మా ఇంట్లో మాత్రం నేనెంత పెరిగానో బల్ల చీలలు చెప్పేవి. చీలలు కింది సున్నం బొట్టు నుంచి పై కుంకుమ బొట్టుకు మారిన వేసవిలో నాయన ఒక డైరీ ఇచ్చాడు, దాని మొదటి పేజీ ఆ బల్ల మీదే రాశాను. కార్తీకం వానలకు మామిడి చెక్క ఉబ్బి చీలలు కదలకపోతే, అమ్మ కొవ్వొత్తి రుద్ది లాగేది. ఆ మైనం మరకలు ఆనాటి పేజీల అంచుల్లో ఇప్పటికీ ఉన్నాయి.

ఆ బల్లను చెద తిన్నది. అవ్వ కూర్చున్న మూల ఇప్పుడు ఒక లాడ్జి మెట్ల కింద ఉంది. రైలుగేటు అవతల మస్తాను మామ కొట్టు ఉన్న చోట ఫోన్లు బాగుచేస్తారు, అక్కడ నిలబడితే ఏ వాసనా రాదు. తడి అరటినార పట్టుకున్న చేతులు మా వంశంలో నాతోనే ఆగిపోయాయి, అవీ అరకొరగా. ఆ వీధి చివరి గుడికి మాల ఇప్పుడు అంగడి నుంచే వస్తుంది. ముడి ఎట్లా ఉందో నేను పట్టి చూడను.

సహజ మీట నొక్కింది. బల్ల చిన్నగా మూలుగుతూ లేచి, నేను నిలబడి ఉండగానే మోచేతుల కిందికి వచ్చి ఆగింది. కాసేపు నిలబడి రాశాను. కాళ్ళు చాలనగానే కుర్చీ జరుపుకొని ఇంకో మీట నొక్కితే, అది నాతోపాటు కిందికి దిగింది. వెన్నులో నొప్పి లేదు. అక్షరం నాదే.

"ఈ ఎత్తు గుర్తు పెట్టుకోమంటే బల్లే గుర్తు పెట్టుకుంటుంది అవ్వా. అంకె ఇక్కడ కనబడుతుంది సూడు," అన్నది సహజ.

నేను అంకె చూడలేదు. వంగి, బల్లకాలు పక్కన మోచెయ్యి ఆనించి కొలుచుకున్నాను. తరువాత ఆ రోజు డైరీలో, చాలా నెలల తరువాత ఒక పూర్తి వాక్యం రాశాను: "కొత్త బల్ల వచ్చింది, కూర్చుంటే దీని ఎత్తు మూరన్నర, నా చేత్తో."