హీరోగారికి నేనిచ్చిన గొంతు

ఇప్పుడంటే దోహాలో ఏ సినిమా అయినా విడుదలైన రోజే చూసేస్తున్నారు గానీ, తొంభైలలో మాకు సినిమా అంటే వీడియో కేసెట్టే. సెలవుకి వెళ్ళొచ్చినవాళ్ళు పచ్చళ్ళతో పాటు తెచ్చేవాళ్ళు. ఆవకాయ నూనె ఓడి పాడైన కేసెట్టు కోసం మేము పడ్డ ఏడుపు, ఆవకాయ కోసం పడలేదు. నేనప్పుడు అల్ ఘర్రాఫాలో విల్లాలు కట్టే ఒక కంపెనీలో టైమ్‌కీపర్ని. కాకినాడ నుంచి బీకాం పట్టా, దానికి మించిన పొగరూ మోసుకొచ్చిన కుర్రాణ్ని. మేముండే కంపెనీ క్యాంపులో మిగతావాళ్ళు చాలామంది కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్ళు. యాసలు వేరైనా శుక్రవారం టీవీ ముందు చాపలు పరిచేసరికి అందరం ఒక్కటే. మమ్మల్ని అలా కలిపినవాడు ఒక తమిళ హీరో.

పేరెందుకు లెండి, మా క్యాంపులో ఆయన్ని 'మనోడు' అనే పిలిచేవారు. ఆయన సినిమాలన్నీ తెలుగులోకి డబ్బింగ్ అయి వచ్చేవి. అందరికంటే వీరాభిమాని మా పెద్దమేస్త్రీ. మూడేళ్ళుగా ఇంటి మొహం చూడని మనిషి. "మొదట్ల విలన్ ఎనకాల నిలవడి తన్నులు తిన్నడు సారూ. తర్వాత విలనైండు. గిప్పుడు హీరో. నేను గూడ హెల్పర్‌గ వచ్చి మేస్త్రీనైన గద, మనోడు మా లెక్కనే పైకొచ్చిండు" అని గర్వంగా చెప్పేవాడు. మనోడి గొంతు ఖంగుమని మోగేది. ఆ గొంతుని నేను బాగా అనుకరించేవాణ్ని. ఆఫీసులోనూ, శుక్రవారాలు క్యాంపులోనూ అడిగి మరీ చేయించుకునేవారు. (చదువు తప్ప అన్నీ బాగా వచ్చేవని మా నాన్న ఊరికే అనలేదు.)

ఒకరోజు మా ఆఫీసులో తమిళ డ్రాఫ్ట్స్‌మన్ నా చెవిలో ఊదాడు. మనోడు దోహా వస్తున్నాడట! శుక్రవారం సాయంత్రం ఒక స్కూలు మైదానంలో కార్యక్రమం. నిర్వాహకుల్లో అతనూ ఒకడు. "మా వాళ్ళ కోసం తెలుగులో నాలుగు ముక్కలు మాట్లాడించు గురూ" అని వారం రోజులు వెంటపడి ఒప్పించాను. క్యాంపులో ఆ కబురు చెప్పగానే పెద్దమేస్త్రీ నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మనోడు మనతోని మాట్లాడుతడా సారూ? నిజంగనా?" అన్నాడు. నా తలకాయ తాకట్టు పెట్టి మరీ మాటిచ్చాను. కంపెనీ బస్సు కోసం క్యాంపు బాసు కాళ్ళావేళ్ళా పడ్డాను. ముందు "మాఫీ బస్సు!" అని, అంటే బస్సూ లేదు గిస్సూ లేదని కసిరినవాడు, నా పోరు భరించలేక చివరికి "యల్లా, తీసుకుపో" అన్నాడు. మావాళ్ళు ఇస్త్రీ చొక్కాలు, సెంటు వాసనలతో పెళ్ళివారిలా బస్సెక్కారు.

తమిళంలో పాటలూ మాటలూ అయ్యాక మనోడు మావైపు తిరిగి మైకు పట్టుకుని, "తెలుగు తమ్ముళ్ళకి నమస్కారం" అన్నాడు.

అంతే. మాలో ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు. ఆ గొంతు సన్నగా, మెత్తగా, జలుబు చేసిన లెక్కల మాస్టారిలా ఉంది. డబ్బింగ్ అని కేసెట్టు అట్ట మీదే రాసి ఉంటుంది. డిగ్రీ చదివినవాణ్ని, ఆ ఖంగుమనే గొంతు ఇంకొకరిదని నాకైనా తట్టాలా? తట్టలేదు! పెద్దమేస్త్రీ మెల్లగా లేచాడు. "గీనె మనోడు గాదు. డూప్‌గాణ్ని తెచ్చిన్రు. లేవుండ్రి, పోదాం" అన్నాడు. కోపం కంటే దిగులే ఎక్కువగా వినిపించింది. వరస వరసంతా లేవసాగింది. ఇక క్యాంపులో నేను తలెత్తుకు తిరిగినట్టే అనుకున్నాను.

ఇంతలో డ్రాఫ్ట్స్‌మన్ పరుగున వచ్చి నన్ను రెక్క పట్టుకుని స్టేజి పక్కకి ఈడ్చుకుపోయాడు. బ్యాండువాళ్ళు ఏదో వాయిస్తున్నారు. ఎదురుగా సాక్షాత్తూ మనోడు!

"ఎందుకు వాళ్ళు పోతారు? నేను తప్పు మాట్లాడినానా?" అన్నాడు పాపం, మద్రాసు తెలుగులో.

"లేదు సార్. మాటలు బాగానే ఉన్నాయి. గొంతే... మీది కాదంటున్నారు" అన్నాను.

ఆయన పకపకా నవ్వాడు. "అది డబ్బింగ్ ఆయన గొంతు కదా! నాకూ నా గొంతు కంటే అదే ఇష్టం. ఇప్పుడేం చేద్దాం?"

"ఇతను ఆ గొంతు భలే చేస్తాడు సార్!" అని డ్రాఫ్ట్స్‌మన్ నన్ను ముందుకి తోశాడు.

రెండు నిమిషాల్లో నేను తెర వెనక మైకు పట్టుకుని ఉన్నాను. సందులోంచి మనోడి వీపు మాత్రం కనిపిస్తోంది. "ఆగండి తమ్ముళ్ళూ!" అన్నాను ఖంగుమని. మైదానం దద్దరిల్లింది! ఈలలే ఈలలు. ఆ హోరుకి నాకు దగ్గొచ్చింది. మహానుభావుడు, ఆయనా దగ్గాడు. ఇక నాకు పూనకం వచ్చేసింది. "లేచి నిలబడ్డ ఆ పెద్దమేస్త్రీ అన్నా! అలిగి పోతావా? ఎండలో గోడలు కట్టేది నువ్వు, రంగులేసుకుని ఎగిరేది నేను. నీకు నేను అభిమానినన్నా!" అన్నాను. ఏం మాట వస్తుందో తెలియని మనోడు పెదాలు ఎలా ఆడించాడో దేవుడికెరుక. చివర్లో మాత్రం రెండు చేతులూ తల మీదికెత్తి జోడించాడు. అది నేను చెప్పింది కాదు, ఆయనంతట ఆయన చేసిందే.

తిరుగు బస్సులో పెద్దమేస్త్రీ కళ్ళు తుడుచుకుంటూ నా పక్కన కూలబడ్డాడు. "గంత మంచి టైముల ఏడికి పోయినవ్ సారూ? మనోడి గొంతు సాఫైంది. నన్ను అన్నా అన్నడు! మేస్త్రీనని ఎట్ల గుర్తువట్టిండో! అయ్యో, నువ్వే లేకపోతివి." నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మొహం చూశాక మింగేశాను. "నా ఖర్మ అన్నా" అన్నాను.

ఆ తర్వాత శుక్రవారాల్లో నా మిమిక్రీ ఎవరూ అడగలేదు. నేను చూడలేకపోయానని పాపం పెద్దమేస్త్రీయే నా కోసం ప్రత్యేకంగా లేచి, ఛాతీ విరుచుకుని, మనోడు అన్న మాటలన్నీ దగ్గుతో సహా చేసి చూపించేవాడు. గొంతు అస్సలు కలిసేది కాదు. నేను మాత్రం అందరికంటే ముందు చప్పట్లు కొట్టేవాణ్ని.