పదకొండు తేదీలు

యాభై తొమ్మిదిలో గుడివాడలో మా పక్క వాటా టీచరమ్మ, మొగుడు కొట్టిన ప్రతిసారీ మా వంటింట్లోకి వచ్చి, నెత్తురు తుడుచుకుంటూ "ఇవాళ తేదీ ఎంతండీ?" అని అడిగేది. నేను రాసిపెట్టేదాన్ని. ఏడాదిన్నరలో పదకొండు తేదీలయ్యాయి. తొమ్మిదోసారి ముందుపన్ను ఊడింది. పదకొండోసారి పక్కటెముక విరిగింది.

ఆ కాగితంతో ఆమెను బందరు ప్లీడరుగారి దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన రెండుసార్లు చదివారు.

"మీరు క్రైస్తవులు కదమ్మా. మీ చట్టంలో భార్యకి విడాకులు కావాలంటే కొట్టడం ఒక్కటే చాలదు. ఆయనకి వేరే ఆడదానితో సంబంధం ఉందని కూడా రుజువు చెయ్యాలి."

"ఆయనకంత తీరికెక్కడిదండీ? సాయంత్రాలన్నీ నాకే సరిపోతాయి," అని ఆమె నవ్వింది.

"కొట్టినందుకు విడిగా ఉండటానికి డిక్రీ వస్తుంది. పెళ్ళి మాత్రం అలాగే ఉంటుంది."

"లోపల గడియ పెట్టుకుని పడుకోనిస్తే చాలండీ. రాయండి."

డిక్రీ వచ్చిన వారానికే అతను గడ్డపారతో తలుపు పగలగొట్టి లోపలికి వచ్చాడు. ఆమె చూపించిన కోర్టు కాగితాన్ని చింపి, ఆమె జుట్టు పట్టుకున్నాడు. ఆమె రోకలి అందుకుని అతని మోచేయి విరగ్గొట్టింది.

వాడంతా పోగైంది. "ఎంతైనా మొగుడు కదమ్మా!" అన్నారెవరో.

"అవునండీ, కోర్టు కూడా అదే అంది," అంది ఆమె రోకలి దించకుండా. "అందుకే ప్రాణాలతో వదిలాను."