మైసమ్మకు గిట్టని ఆడవాళ్లు

మా ఆయనకు ధైర్యం జీపుతో పాటు వచ్చింది. అంతకుముందు ఆయన వరంగల్ బజారులో బట్టల దుకాణం గద్దె మీద కూర్చుని, మీద బల్లి పడితే పంచాంగం తెప్పించే మనిషి. మా పెళ్లయిన రెండో ఏడు సికింద్రాబాదులో మిలిటరీవాళ్లు వదిలించుకున్న జీపు ఒకటి కొనుక్కొచ్చారు. దానికి తలుపులు లేవు, పైన గుడ్డ సగమే ఉంది, తోయకుండా అది స్టార్టయిన రోజు నాకు గుర్తు లేదు. అయినా అది ఎక్కిన మర్నాటి నుంచి ఆయనకు రోడ్డు మీద పోవడం నామోషీ అయిపోయింది. రోడ్డు లేని చోటికే పోవాలి, అక్కడ ఎవరూ దిగని బొంద ఒకటి ఉండాలి.

ఆ బొంద చూపించింది ఆయన స్నేహితుడు, హనుమకొండ కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరరు. మానుకోట దాటి ఖమ్మం వైపు పోతే ఎర్రమట్టి గుట్టల్లో నిజాం కాలపు గని ఒకటి ఉందని, యుద్ధం అయిపోయాక వదిలేశారని చెప్పారు. అది బంగారు గని అని లెక్చరరు గారి వాదన. కాదు, రాగి అని మా ఆయన. "ఏదైతేంది, నీడ ఉంటదా?" అని మూడో స్నేహితుడు, కిరాణా సావుకారు. మా అన్వేషక బృందం ఇంతే.

నేను మా అత్తగారి హుకుం మీద పోయేదాన్ని. ఆ దారి పొడుగునా తాటిచెట్లేనని ఆమె దిగులు. "మొగోళ్లు ముగ్గురు గుట్టలెంబడి పోతాండ్రంటె వాసన చూసేటోళ్లు ఒక్కరన్న ఉండాలె. నువ్వు పో" అన్నారు. అలా నాకు మొగుడి నోరు వాసన చూసే ఉద్యోగం దొరికింది. పెళ్లయ్యాక గుడికీ, దవాఖానకూ, పుట్టింటికీ తప్ప గడప దాటని దాన్ని. పదిమంది నోళ్లు వాసన చూడమన్నా ఎగిరి గంతేసి ఒప్పుకునేదాన్ని.

బజారు మూసేది అమావాస్య నాడే. అమావాస్య నాడు ప్రయాణం పనికిరాదు. దుకాణం వదలలేరు, పంచాంగం వదలలేరు. దానికి మార్గం ప్రస్థానం పెట్టడం. ముందే మంచి గడియ చూసి మూట ఒకటి పక్కింట్లో పెడితే, ప్రయాణం అప్పుడే మొదలైపోయినట్టు. మా వీరులకు మూట ఆనలేదు. త్రయోదశి నాడే కొబ్బరికాయ కొట్టి జీపునే ఎదురింటి గుమ్మానికి అడ్డంగా తోసి పెట్టేవారు. ఆ ఇంటివాళ్లు రెండు రోజులు పెరటి దారిన తిరిగేవారు.

జీపులో కొత్తవాడ జంఖానా పరుచుకుని, సద్దిమూటలు ఒళ్లో పెట్టుకుని నేను వెనక కూర్చునేదాన్ని. బండ్ల బాట కూడా అయిపోయాక తుమ్మకంపలు రెండు వైపులా గీరుకుపోయేవి. వాగు ఇసుకలో చక్రాలు కూరుకుంటే అందరం దిగి తోసేవాళ్లం. తోయడానికి ఆడా మగా తేడా లేదు. ఆ తేడా గని దగ్గరికి పోయాకే గుర్తొచ్చేది.

గని గుట్ట అడుగున అడ్డంగా తవ్విన సొరంగం. మొదట్లోనే కుంకుమ పూసిన రాయి, మైసమ్మ. మా ఆయన చెప్పులు విడిచి దండం పెట్టి, నా వైపు తిరిగి, "నువ్వు ఈడనే ఉండు. ఆడోళ్లు అడుగు పెడితె మైసమ్మకు కోపమొస్తది, గని కూలుతది" అన్నారు. అమ్మవారికి ఆడవాళ్లంటే గిట్టకపోవడం ఏమిటో నాకు అంతుబట్టలేదు. "శాస్త్రంల ఉన్నది చెల్లె" అన్నారు లెక్చరరు గారు. ఏ శాస్త్రమో చెప్పలేదు. ముగ్గురూ టార్చిలైటు, సద్దిమూట, జంఖానా పట్టుకుని లోపలికి పోయారు. పరిశోధనకు జంఖానా ఎందుకని నేను అడగలేదు.

రెండు గంటలకు బయటికి వచ్చారు. దారి మూడుగా చీలిందట, లోతున నీళ్ల చప్పుడట, గబ్బిలం ఒకటి మేకంత ఉందట. ఊరు చేరేసరికి మేక దూడ అయ్యేది. మర్నాడు దుకాణంలో చీర కొనడానికి వచ్చినవాళ్లు చీర మరిచి నోరు తెరిచి వినేవారు.

అలా ఐదు అమావాస్యలు నేను జీపుకు కాపలా కాశాను. నవ్వుతూ రాస్తున్నాను కానీ, అప్పుడు నిజంగా ఏడుపొచ్చేది. అంత దూరం ఎముకలు కదిలేలా వచ్చి, ఆ చీకటి నోటి ముందు కూర్చుని, లోపల ఏముందో మగవాళ్ల మాటల్లో వినడం. ఒక్కసారి లోపలికి పోవాలి. బతుకులో మరేమీ వద్దన్నంతగా అనిపించేది.

ఆరోసారి మేకలు తోలుకుంటూ ఒక ముసలమ్మ వచ్చింది. నా పక్కన బండ మీద కూర్చుని, "నువ్వు లోపటికి పోలేదా బిడ్డా?" అంది.

"ఆడోళ్లు పోవద్దట అవ్వా. మైసమ్మకు కోపమట."

అవ్వ ఎంత నవ్విందంటే మేకలు బెదిరాయి. "ఎవడన్నడే? ఆ రాయి తెచ్చి పెట్టింది మా అత్త. పదేండ్లు ఈ గనిల తట్ట మోసిన నేను. మొగోళ్లు తవ్వుడు, మేము మోసుడు. నా పెద్దకొడుకు కడుపుల ఉన్నప్పుడు గూడ మోసిన."

"బంగారమా అవ్వా?"

"కాకిబంగారం బిడ్డా. అబ్రకం." కొంగు దులుపుకుని లేచింది. "చూస్తవా? ఆ ఎనక మేము తట్టలతోని బయటికెల్లే దారి ఇంకోటున్నది."

జీపులో కందిలి ఉండేది, హెడ్‌లైట్లు వెలగని రోజుకని. అది ముట్టించి అవ్వ వెంట గుట్ట చుట్టి పోయాను. కంప అడ్డం తీసి వంగి దూరాం. పది అడుగులకే ఆగిపోయాను. నిజంగానే గని కూలితే? వెనక్కి పోదామని నోటిదాకా వచ్చింది. అవ్వ చీకట్లో తన ఇంట్లో తిరిగినట్టు నడుస్తోంది. "ఈడ తల వంచు. ఈడ గోడ పట్టుకో" అంటోంది. ఒక చోట ఆగి కందిలి ఎత్తమంది. ఎత్తాను.

గోడలన్నీ మెరిశాయి. పైన, పక్కన, కాళ్ల కింద, చేయి పెట్టిన చోటల్లా. "ఈడనే తట్ట దించి నడుములు సాపు చేసుకునేటోళ్లం" అంది అవ్వ. ఆ మెరుపు వైపు ఆమె చూడనైనా లేదు. నడుము మీద చేయి పెట్టుకుని ఒక్క క్షణం నిలబడి, మళ్లీ కదిలింది.

దారి ఎక్కడా మూడుగా చీలలేదు. నీళ్లు లేవు. ఒక మలుపు తిరిగేసరికి ముందు వెలుతురు కనబడింది, మాటలు వినబడ్డాయి. గని నోటికి ఇరవై అడుగుల్లో, బయటికి కనబడని ఓ మూల మా జంఖానా పరిచి ఉంది. దాని మీద పేకాట. లెక్చరరు గారు పులిహోర తింటున్నారు. ఆరు అమావాస్యల పరిశోధన అంతా ఆ ఇరవై అడుగుల్లోనే జరిగింది.

లోతు నుంచి కందిలి పట్టుకుని, అబ్రకం పొడి రాలి ఒళ్లంతా మెరుస్తూ ఆడవాళ్లు ఇద్దరు రావడం వాళ్లు చూశారు. కిరాణా సావుకారు "అమ్మా మైసమ్మా, తప్పైందే తల్లీ!" అని బోర్లా పడ్డారు. లెక్చరరు గారు బయటికి పరుగు తీశారు. మా ఆయన పేకముక్కలు విడవకుండానే రెండు చేతులు జోడించి కళ్లు మూసుకున్నారు. మొగుడు నాకు దండం పెట్టడం అదే మొదలు, అదే ఆఖరు.

"నేనేనండీ" అన్నాను.

జీపు తోసుకుని తిరుగు దారి పట్టాం. ఊరు దగ్గర పడ్డాక మా ఆయన, "ఇంట్ల అనకు. అమ్మకు తెలిస్తె నిన్ను మల్ల పంపది" అన్నారు. నా మీద ప్రేమతోనే అన్నట్టుంది గొంతు. అందులో అబద్ధం లేకపోవడమే నా ఖర్మ. అత్తగారికి తెలిస్తే జీపు నా గుమ్మం ముందు ఆగదు.

గడప ఎక్కుతుంటేనే అత్తగారు నా తల వైపు చూశారు. "ఏందే పిల్లా, నెత్తంత మెరుస్తాంది? గనిల దూరినవా ఏంది?"

మా ఆయన అంగీ మీద మెరుపు చుక్క లేదు. బాట మీది దుమ్ము తప్ప ఇంకేమీ లేదు. ఆయన నా వైపు చూశారు. ఆ చూపులో బెదిరింపు లేదు, బతిమాలడమే ఉంది.

"లేదత్తమ్మా" అన్నాను. "ఆయన రుమాలు దులిపితె పడ్డది. నేను జీపు కాడనే కూసున్న."

నా గొంతు తొణకలేదు. పదేళ్లు తట్ట మోసిన అవ్వ పక్కన నడిచి వచ్చి, పూట గడవక ముందే ఆడవాళ్లు ఆ గనిలో అడుగు పెట్టలేదని నా నోటితో నేనే చెప్పాను. నాకు చాలా సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తుంది.

అత్తగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అంత చీకట్లో పడి తిరిగి క్షేమంగా వచ్చాడని కొడుకును తూర్పు ముఖంగా పీట మీద కూర్చోబెట్టి దిష్టి తీశారు. లోపలికి పోయి ఉప్పూ మిరపకాయలూ తెచ్చి ఆమె చేతికి అందించింది నేనే.