వెయిటింగ్ చార్జీ

మా అక్క జుట్టు కత్తిరిస్తుంది. రెండు కుర్చీల చిన్న షాపు. నేను తలలు కడుగుతాను, రంగు కలుపుతాను, నేల ఊడుస్తాను. అక్క నోరు మూతపడటం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. కుర్చీలో మనిషి మౌనంగా కూర్చుంటే తనకి ఊపిరాడదు. "ఏంటండీ మొహం అలా ఉంది, నిద్ర పట్టలేదా?" అని మొదలుపెట్టి వాళ్ల మోకాళ్ల నొప్పుల నుంచి కోడలి నోటిదురుసు దాకా అన్నీ లాగుతుంది. బదులుగా మా ఇంటి గుట్టంతా వాళ్లకి అప్పజెప్పేస్తుంది. జనం సగం జుట్టు కోసం వస్తారు, సగం కబుర్ల కోసం.

ఇలాంటి మనిషి వెళ్లి వెళ్లి ఒక మూగమొద్దుని కట్టుకుంది. ఆయన టాక్సీ నడుపుతాడు. పెళ్లయిన కొత్తలో నిదానస్తుడని మా అమ్మ మురిసిపోయింది. కోపమొస్తే వారాల తరబడి నోరు విప్పడని, ఎదుటివాళ్లు ఏడ్చి కాళ్లబేరానికి వచ్చేదాకా అలాగే కూర్చుంటాడని తర్వాత తెలిసింది. విడాకులు వచ్చిన రోజు నుంచి ఆయన్ని బావా అనడం మానేశాను. మీటరు అంటున్నాను. మొహం మీదే అంటాను.

సామాను పంచుకున్నారు, అప్పులు పంచుకున్నారు. తేలనిది ఒక్కటే, కూతురు ఆదివారాలు ఎవరి దగ్గర ఉండాలన్నది. తొమ్మిదేళ్ల పిల్ల. ప్రతిదానికీ వాదిస్తుందని మేం లాయరమ్మ అంటాం. బడి మీటరు వాళ్లమ్మ ఇంటి పక్కనే కాబట్టి మామూలు రోజుల్లో అక్కడ ఉంటుంది, ఆదివారం పొద్దున్నే మా దగ్గరకి వస్తుంది. ఇప్పుడు ఆ ఒక్క రోజు కూడా తనకే కావాలన్నాడు. పిల్ల మీద ప్రేమ పొంగి కాదు. పిల్ల ఏ క్లాసని అడిగితే తడుముకునే మనిషి. అక్కకి దక్కకూడదు, అంతే.

కోర్టుకెక్కితే ఇల్లు గుల్లవుతుందని మధ్యవర్తి దగ్గరకి వెళ్లారు. మెత్తగా మాట్లాడే పెద్దావిడ. గంటకింతని ఫీజు, ఇద్దరూ చెరిసగం. ఒక్కో సిట్టింగుకి అక్క వంతుకే మా షాపులో ఒక శనివారం సంపాదన మొత్తం పోతుంది. ఫోను చేసి ఏదైనా అడిగితే దానికీ లెక్కే. ఆవిడని తప్పుపట్టను, అది ఆవిడ బతుకుతెరువు. నోరు మెదపకూడదన్న షరతు మీద నన్నూ లోపలికి రానిచ్చారు.

"ఆదివారం గురించి మీరేమంటారు సార్?" అని ఆవిడ అడిగింది.

మీటరు ఎదురుగా ఉన్న మంచినీళ్ల గ్లాసు వైపు చూశాడు. "ఆలోచించుకోవాలి" అన్నాడు. ఇక చూస్తూనే ఉన్నాడు.

నాకు వెంటనే అర్థమైంది. బండి కదలకపోయినా మీటరు తిరుగుతుందని ఆయనకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? ఆసుపత్రుల గుమ్మాల్లో, స్టేషన్ల బయట వెయిటింగ్ చార్జీ మీద బతికిన మనిషి. పైగా ఆయన వంతు వాళ్లమ్మ కడుతోంది. మా వంతు అక్క కత్తెర కట్టాలి. ఆ దుర్మార్గుడు తొందరపడడు.

అక్కకేమో ఆ మౌనం పడలేదు. ఆయన వదిలేసిన ఖాళీ అంతా తనే నింపింది. పిల్ల జలుబు గురించి, అత్తగారి మాటల గురించి, పాత సోఫా గురించి కూడా చెప్పింది. మెట్లు దిగుతుంటే అడిగాను.

"నువ్వెందుకు మాట్లాడతావక్కా? ఆయన్ని మాట్లాడనీ."

"ఎవరో ఒకరు మాట్లాడాలి కదే. డబ్బులు ఊరికే పోతున్నాయి."

"నువ్వు మాట్లాడితే పోవట్లేదా?"

అక్క వెంటనే ఇంకో సంగతి ఎత్తుకుంది.

అలా సిట్టింగు మీద సిట్టింగు అయింది. ఏ ఆదివారం కోసం ఈ గొడవంతా పడుతున్నామో, ఫీజు కోసం చివరికి ఆ ఆదివారమే షాపు తెరవాల్సి వచ్చింది. పిల్ల రెండో కుర్చీలో కూర్చుని గిర్రున తిరుగుతూ హోంవర్కు చేసుకునేది.

"అందరికీ సెలవు కదా, నీకెందుకు లేదమ్మా?"

"నీ కోసమేరా బంగారం."

"నా కోసమైతే మూసేయ్ మరి."

అక్క నవ్వి తర్వాతి వాళ్లని పిలిచింది.

ఆ తర్వాతి సిట్టింగులో మీటరు మళ్లీ గ్లాసు చూస్తున్నాడు. అక్క బాగా అలిసిపోయి ఉంది. షాపులో కస్టమరుతో చెప్పుకున్నట్టే మధ్యవర్తితో చెప్పుకుంది. "మీ ఫీజు కోసం ఆదివారం కూడా పని చేస్తున్నానండీ. నడుం పడిపోతోంది. పాపం పిల్ల ఆ జుట్టు రంగుల వాసనలోనే కూర్చుంటోంది. మొన్న అన్నం కూడా తినకుండా కుర్చీలోనే నిద్రపోయింది."

మీటరు తలెత్తాడు.

"అది రాసుకోండి మేడం" అన్నాడు. "ఆదివారం ఈవిడకి పని ఉంది. పిల్లని పస్తు పడుకోబెడుతోంది. నేను ఆదివారం బండి తియ్యను."

అన్నాళ్లలో ఆయన మాట్లాడింది అంతే. అంతకంటే అవసరం లేకపోయింది.

మధ్యవర్తి అక్క వైపు తిరిగింది. "ఆదివారాలు షాపు మూస్తానని మాట ఇవ్వగలరా?"

"మూస్తే మీకెలా కట్టనండీ?"

ఆవిడ గోడ గడియారం చూసి, దీని గురించి వచ్చేసారి మాట్లాడుకుందామంది. వచ్చేసారంటే ఇంకో శనివారం సంపాదన. అక్క ఇక తన దగ్గర శనివారాలు లేవంది. ఆదివారాలు ఆయనకి, షాపుకి గిరాకీ ఉండని సోమవారం బడి వదిలాక రాత్రి దాకా తనకి అని సంతకం పెట్టేసింది.

కింద బండి తాళం తీస్తున్న మీటరుకి అడ్డం నిలబడ్డాను. "నీ కడుపు చల్లబడిందా?"

"ఎక్కండి, దింపేస్తాను" అన్నాడు తాపీగా.

"మీటరు వేసేనా?"

బండెక్కి వెళ్లిపోయాడు. వాడి బండి నాలుగు టైర్లూ ఒకేసారి పేలిపోవాలని ఇప్పటికీ కోరుకుంటున్నాను.

మొదటి సోమవారం పిల్ల వచ్చింది. షట్టరు సగం దించి, అక్క దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి మెడకి గుడ్డ కట్టింది. నుదుటి మీద పడుతున్న జుట్టు కత్తిరిస్తూ మొదలుపెట్టింది, నిన్నేం తిన్నావు, నానమ్మ తల దువ్విందా, టీచరేమంది అని. పిల్ల కాసేపు విని, అద్దంలో వాళ్లమ్మ మొహం చూసి గొంతు తగ్గించింది.

"అమ్మా, ఎక్కువ మాట్లాడకు. నువ్వు మాట్లాడబట్టే ఆదివారం పోయిందని నాన్న చెప్పాడు. సోమవారం కూడా పోతుంది."

లాయరమ్మ వాదించడానికి అనలేదు. నిజంగా భయపడి అంది.

అక్క తల ఊపి, పిల్ల గడ్డం పట్టుకుని నిటారుగా పెట్టి, మిగతా జుట్టంతా నోరు మెదపకుండా కత్తిరించింది.