బొట్టు కింద లైటు

2023 ఫిబ్రవరి. టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో రిటైరై, సిద్దిపేట పాత బస్టాండు దగ్గర ఇంటర్నెట్ పరికరాల కొట్టు పెట్టి అప్పటికి ఏడేళ్లు. ఏ పరికరమైనా ఎప్పుడు కొన్నారో, ఎప్పుడు మార్చారో అడగకుండా నేను దాని మీద చేయి వేయను. తేదీలు తెలిస్తే సగం జబ్బు తెలిసినట్టే.

ఒకరోజు కొట్టు తెరిచేసరికి పద్మ మెట్ల మీద కూర్చుని ఉంది. నేతకారుల ఇంటి అమ్మాయి. భర్త దుబాయ్‌లో ఎలక్ట్రీషియన్. ఆమె పుట్టింట్లోనే ఉండి తండ్రికి నేతలో చేదోడుగా ఉండేది. ఆ తండ్రి జనవరి చివర్లో పోయాడు.

"అమ్మా, మా ఇంట్ల బ్యాకప్ డ్రైవ్ ఉన్నది. కొత్త ఫోనుకు దొరుకుతలేదు. జర వచ్చి కలుపరాదు."

బ్యాకప్ డ్రైవ్ అంటే ఫోనులోని ఫొటోలకు, వీడియోలకు నకళ్లు తీసి దాచే పెట్టె. ఆమె ఇంట్లో ఉన్నది వైర్‌లెస్ రకం. ఫోను ఇంటి వైఫైలోకి రాగానే తనంతట తానే నకలు తీసుకుంటుంది. భర్త దుబాయ్ నుంచి తెచ్చి అమర్చి వెళ్లాడట.

"పాత ఫోను ఏమైంది?"

"రంగు తొట్టిల పడ్డది. రిపేరోళ్లు కూడ ఇగ కాదన్నరు. గా ఫోన్లనే బాపు మాటలున్నయి. డ్రైవ్‌ల ఎట్లన్న ఉంటయి గదా!"

ఆ మాటలేమిటో దారిలో చెప్పింది. చీర మీద నేసే గొల్లభామ బొమ్మను, కుండ మోసే ఆ గొల్లపడుచును, తండ్రి తన సొంత పద్ధతిలో మార్చుకున్నాడు. కుండ మీద చేయి, నడుము వంపు అందరి నేతలా ఉండవు. లెక్క ఎక్కడా రాసిపెట్టలేదు. చీర సగంలో ఉండగా మంచం పట్టాడు. ఎక్కడ ఎన్ని పోగులు ఎత్తాలో, ఎన్ని విడవాలో పడుకునే చెబుతుంటే ఆమె ఫోనులో వీడియో తీసుకుంది. అది విని చీర పూర్తి చేద్దామనుకునేలోపే ఫోను పోయింది.

ఇంట్లో మగ్గం మీద ఆ చీర అలాగే ఉంది. గొల్లభామ నడుము దాకా వచ్చి ఆగింది.

డ్రైవ్ మగ్గం పక్క గూట్లో ఉంది. దాని ముందువైపు పెద్ద కుంకుమ బొట్టు. బొట్టు వెనుక ఏదో ఎర్రగా మిణుకుమంటోంది.

"దసరకు మగ్గానికి పెట్టినట్టే దీనిక్కూడ పెట్టిన. ఇది కూడ మా పనిముట్టే గదా. లైటు కొట్టుకుంటనే ఉన్నదమ్మా, ఒక్కనాడు బందు పెట్టలే."

"బొట్టు తుడువు బిడ్డా. లైటు రంగు చూడాలె."

కాసేపు తటపటాయించింది. తర్వాత కొంగు తడిపి తానే తుడిచింది. కింద నారింజ రంగు లైటు. ఈ డ్రైవ్‌లో పచ్చ లైటు వెలిగితే పని జరుగుతున్నట్టు. నారింజ రంగు మిణుకుమంటే నెట్‌వర్క్ దొరకక వెతుక్కుంటున్నట్టు. కుంకుమ కింద ఆ తేడా కనపడదు.

"ఈ రౌటర్ ఎప్పుడు పెట్టిన్రు?"

"కార్తీకంల. పాతది కాలిపోతే కనెక్షనోళ్లు వచ్చి మార్చిన్రు."

"బాపు లెక్క చెప్పిందెప్పుడు?"

"పుష్యంల. మంచం పట్టినంకనే గదా."

నాకు సంగతి అర్థమైంది. అయినా కళ్లతో చూడనిది నేను తేల్చి చెప్పను.

డ్రైవ్‌కు పాత రౌటర్ ఎస్ఎస్ఐడీ, అంటే వైఫైకి పెట్టుకున్న పేరు, దాని పాస్‌వర్డ్ మాత్రమే గుర్తుంటాయి. కొత్త పేరు చెప్పాలంటే రీసెట్ మీట నొక్కవచ్చు. కానీ కొన్ని రకాల్లో దాన్ని ఎక్కువసేపు నొక్కితే లోపలున్నదంతా పోతుంది. ఆ ఇంట్లో నేను దాని జోలికి పోదలచుకోలేదు. డ్రైవ్‌ను మార్చే బదులు కొత్త రౌటర్‌కే పాత పేరు, పాత పాస్‌వర్డ్ పెడితే సరిపోతుంది. అవి భర్తకే తెలుసు. పద్మ ఫోను కలిపి స్పీకర్‌లో పెట్టింది.

"పేరు మగ్గం. ఇంగ్లిష్‌ల, అన్నీ చిన్న అచ్చరాలు. పాస్‌వర్డ్ నీ పుట్టినరోజేనే."

"నా పుట్టినరోజు ఎన్నడన్న యాదికున్నదా నీకు?"

"యాదికుండదనే గదా పాస్‌వర్డ్ పెట్టుకున్న!"

తండ్రి పోయిన తర్వాత ఆ ఇంట్లో వినపడ్డ మొదటి నవ్వు అదేనేమో. రౌటర్‌కు ఆ పేరు, ఆ పాస్‌వర్డ్ పెట్టి ఆపి మళ్లీ వేశాను, ఆమె కొత్త ఫోనును కూడా దానికే కలిపాను. నారింజ లైటు ఆగింది, పచ్చది వెలిగింది. పద్మ రెండు చేతులూ జోడించింది. ఆ దండం నేను తీసుకోలేకపోయాను.

ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ తెరిచి ఫొటోలను, వీడియోలను తేదీల వరుసలో పెట్టాను. ఆఖరిది నవంబర్ 14 నాటి వీడియో.

"కిందికి జరుపమ్మా."

"కింద లేవు బిడ్డా. రౌటర్ మారిననాటి నుంచి ఇది నీ ఫోనును చూడలేదు."

"మరి లైటు కొట్టుకున్నది గదా?"

"వెతుక్కుంటున్నది. అంతే."

ఆమె ఏడవలేదు. మగ్గం వైపు చూస్తూ కూర్చుంది. అంతలో డ్రైవ్ కొత్త ఫోను నుంచి నకళ్లు తీసుకోవడం మొదలుపెట్టింది. నవంబర్ 14 తర్వాతి వరుసలో మొదట వచ్చింది తండ్రి ఫొటో, దండ వేసి ఉన్నది. ఆ రెండు తేదీల మధ్య ఇంకేమీ లేదు.

ఆఖరి వీడియో వేయమంది. తండ్రి మగ్గం మీద ఉన్నాడు, చాలాసేపు మగ్గం చప్పుడే. చివర్లో తల తిప్పకుండానే అన్నాడు:

"ఏందే, ఫోను పట్టుకొని గాడ్నే నిలవడ్డవ్? గా కండె అందియ్యరాదు."

కండె అంటే పేక నూలు చుట్టిన చిన్న గొట్టం. పద్మ చేయి తనకు తెలియకుండానే పక్కనున్న కండెల బుట్టలోకి వెళ్లింది. ఒకటి తీసి పట్టుకుని, అప్పుడు ఏడ్చింది.

రౌటర్ మార్చడమంటే నెట్ వస్తోందో లేదో చూసి లేచిపోవడమే చాలామంది పద్ధతి. ఆ రోజు నుంచి నేను ఎవరింట్లో రౌటర్ మార్చినా, దాన్ని నమ్ముకున్న పరికరాలు ఇంకేమున్నాయో అడుగుతాను. బ్యాకప్ డ్రైవ్ ఉంటే చివరి నకలు ఏ తేదీదో తెరిచి, ఇంటివాళ్లకు గట్టిగా చదివి వినిపిస్తాను. లైటు సంగతి నన్నడగవద్దు, తేదీ అడగండి అంటాను.

ఆ ఏడాది దసరా తర్వాత పద్మ ఇంటికి మళ్లీ వెళ్లాను. డ్రైవ్‌కు ఈసారి కూడా బొట్టు ఉంది, లైటుకు దూరంగా, పైమూత మీద. పచ్చ లైటు నిలకడగా వెలుగుతోంది. మగ్గం మీద గొల్లభామ ఇంకా నడుము దాకానే ఉంది.